ఎడం తప్పిన అక్షరాలు

పొద్దున్నే ప్రెస్సు తలుపు తీయగానే మాస్టారు చేసే మొదటి పని వంగి బల్లల కింద చూడడం. రెండో పని నడుం పట్టుకుని లేవడం. ఈ రెండింటి మధ్యలో, కాగితాల మీంచి దిగిపోయిన అక్షరాలన్నీ ఏరి ఒక రేకు డబ్బాలో వేసేవాడు.

అక్షరాలు దిగిపోవడంలో వింతేమీ లేదు. పక్కదానికి మరీ దగ్గరగా ఇరికిస్తే ఉక్కపోసి దిగుతాయి. మరీ దూరంగా పెడితే తోచక దిగుతాయి. ఎడం సరిగ్గా కుదిరితే మాత్రం వానలో నానినా గోడ వదలవు. ఆ వీధిలో అందరికీ ఇది అలవాటే.

"మాస్టారూ, మీ 'ళ' మా సూదుల డబ్బాలో పడుకుంది. ఎక్కడైనా గుచ్చుకుంటుందేమో, తీసుకుపొండి," అని దర్జీ కేకేసేవాడు.

మాస్టారంటే ఎక్కడా పాఠాలు చెప్పినవాడు కాదు. ఆయనకి చెప్పినవాళ్ళూ లేరు. సబ్బు కాగితాలూ, అగ్గిపెట్టె లేబుళ్ళూ, మందు సీసాల అట్టలూ చూసి డిజైను నేర్చుకున్నాడు. మొదట్లో తను వేసిన పెళ్ళి కార్డులు చూస్తే ఎవరికైనా దగ్గు వచ్చేదని అందరికన్నా ముందు ఆయనే చెప్పి నవ్వేవాడు. రంగుల విషయంలో ఈనాటికీ ఆయనకి ఆయన మీదే నమ్మకం లేదు. ఎడం చూడడంలో మాత్రం దిట్ట. రెండక్షరాల మధ్య వెంట్రుకంత తేడా ఉన్నా ఆయనకి అన్నం సయించదు.

ఆయన భార్య బస్టాండులో అనౌన్సరు. ఇరవై రెండేళ్ళు మైకు ముందు కూర్చుంది. "రేవుకు వెళ్ళే బస్సు నాలుగో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉంది" అని ఆవిడ చెబుతుంటే, ఆ బస్సుతో పనిలేనివాళ్ళకి కూడా ఒకసారి రేవు దాకా వెళ్ళొస్తే బాగుండుననిపించేది. మాస్టారు పెళ్ళైన కొత్తలోనే ఒక దొంగదారి కనిపెట్టాడు. ప్రెస్సుకి తిన్నగా వెళ్ళకుండా బస్టాండు మీదుగా చుట్టు తిరిగి, పది గంటల బస్సు సంగతి విని మరీ వెళ్ళేవాడు. ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. చెబితే ఏడిపిస్తుందని భయం.

కిందటేడు డాక్టర్లు ఆవిడ గొంతులో గడ్డ కోసి తీసేశారు. గడ్డతోపాటు గొంతూ పోయింది. నోరు మాత్రం పోలేదు. ప్రెస్సులో చెడిపోయిన కాగితాల వెనక పెన్సిలుతో రాసి చూపించేది.

ఒకరోజు అలాంటి కాగితమే ఒకటి మాస్టారు ముందు పెట్టింది. "ఒకటో తారీఖుతో నా సెలవు అయిపోతుంది. ఇక మైకులో మిషను మాట్లాడుతుందట. నన్ను పోయిన సామాన్ల గదిలో వేస్తారట."

"మంచిదేగా? నీడపట్టున కూర్చోవచ్చు," అన్నాడాయన, అది ఓదార్పనుకుని.

ఆవిడ పెన్సిలు మొన విరిగేలా రాసింది. "గొడుగులకి కబుర్లు చెప్పుకుంటూనా?"

ఆవిడ కాగితం మడిచి పెట్టేసి అటు తిరిగింది. నలుగురి మధ్య నిలబడి నలుగురికీ పనికొచ్చే మాట చెప్పడం తప్ప ఆవిడకి వేరే ఆశలేవీ లేవని ఆయనకి తెలుసు. తెలిసీ ఏం చెయ్యాలో తెలియకపోవడమే ఆయన బాధ.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆవిడ అన్నం క్యారియరు తెచ్చి, ఆయన పని అయ్యేదాకా బల్ల పక్కన కదలకుండా నిలబడింది. ఎవరో తొందరపెట్టి వేయించుకున్న కరపత్రం మీంచి ఐదారు అక్షరాలు దిగి, ఆవిడ వేళ్ళ మీదుగా చేతి మీదకి పాకాయి. నిలకడగా ఉన్నదేది కనిపించినా అవి ఎక్కేస్తాయి. మాస్టారు క్షణం కుదురుగా ఉండడు కాబట్టి ఆయన జోలికి ఎన్నడూ రాలేదు.

ఆవిడ చెయ్యి మెల్లగా చాచింది. అక్షరాలు వరసలో నిలబడ్డాయి. మణికట్టు వంచితే దగ్గరికి జరిగాయి, వేళ్ళు విప్పితే ఎడంగా సర్దుకున్నాయి. ఆయన స్కేలు పెట్టుకుని గంటసేపు కుస్తీ పట్టే పని ఒక్క విరుపులో అయిపోయింది.

"అమ్మ దొంగా!" అన్నాడు మాస్టారు. "ఇన్నేళ్ళూ ఈ విద్య ఎక్కడ దాచావే?"

ఆవిడ రాసింది. "నాకో తెల్లకోటు కుట్టించండి. పొడుగు చేతులు."

బస్టాండు మేనేజరు చేతిగడియారం చూడకుండా ఆవులించను కూడా ఆవులించడు. "అమ్మా, నిలబడి చేతుల మీద అక్షరాలతో చేసే అనౌన్సుమెంటు రూల్సులో లేదు," అన్నాడు.

"కూడదనీ లేదుగా?" అని రాసి చూపించింది.

ఆయన రూల్సు పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. నిజంగానే లేదు. "సరే. సోమవారం పదింటి బస్సు. ఒక్కటంటే ఒక్కటి. జనం బస్సు ఎక్కాలి, చోద్యం చూడడం కాదు. ఎక్కకపోతే సామాన్ల గది తాళాలు పుచ్చుకోవాలి."

వారం రోజులు ప్రెస్సులో సాధన చేశారు. మాస్టారు "రేవుకు వెళ్ళే బస్సు నాలుగవ ప్లాట్‌ఫారం" అంటూ మొత్తం వేసి తెచ్చాడు. ఆవిడ కొట్టేసి రాసింది. "నాకున్నవి రెండు చేతులు." చివరికి 'రేవు', 'నాలుగు' మిగిలాయి. ఎడమ చేతి మీద ఊరు, కుడి చేతి మీద ప్లాట్‌ఫారం. ఆయన సన్నగా నిలబెట్టిన అక్షరాలు జారిపోతుంటే వాటి కాళ్ళు మందం చేయమంది ఆవిడ. ఆవిడ మరీ వేగంగా తిరుగుతుంటే కొమ్ములు ఊడిపోతున్నాయని ఆయన బతిమాలాడు. పోట్లాడుకున్నారు, అలిగారు, మళ్ళీ మొదలెట్టారు. వాళ్ళిద్దరి మధ్య అంత సందడి ఏడాదిగా లేదు.

సోమవారం తెల్లవారగానే మాస్టారుకి ఒక బుద్ధి పుట్టింది. వారం పాటు దిద్దీ కొట్టేసీ ఎడం చెదిరిన షీటు నలిగిపోయింది, భార్య పరువుకి సంబంధించిన పని కదా అని కొత్తగా వేశాడు. భూతద్దం పెట్టి, ఊపిరి బిగబట్టి వేశాడు. జన్మలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

బస్టాండు హాలు కిటకిటలాడుతోంది. ఆవిడ తెల్లకోటులో నడిమధ్యకి వచ్చి, చేతులు రెండూ చాచి నిలబడింది. మాస్టారు షీటుని స్టాండుకి తగిలించాడు.

అక్షరాలు దిగలేదు.

ఒక నిమిషం గడిచింది. "బట్టలు ఆరేసే దండెంలా ఉందే," అని ఎవరో నవ్వారు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. నాలుగో ప్లాట్‌ఫారం మీద డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. ఆవిడ చేతులు దించలేదు. కళ్ళు మాత్రం తిప్పి మొగుణ్ణి చూసింది. ఏడాదిగా ఆ కళ్ళు ఎన్నో అడిగాయి గాని, భయంగా అడగడం అదే మొదలు.

మాస్టారు షీటు వంక చూశాడు. చాలా అందంగా ఉంది. అదే కొంప ముంచింది. అంత హాయిగా కుదిరిన చోటు వదిలి ఏ అక్షరం మాత్రం ఎందుకు దిగుతుంది?

జేబులోంచి బ్లేడు తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఎడం కుదర్చడానికే తిరిగిన చెయ్యి అది. కళ్ళు గట్టిగా మూసుకుని, 'రే' పక్కన కాగితం చీరి, 'వు'ని దాని మీదకి తోసేశాడు. 'నాలుగు'ని నాలుగు దిక్కులకీ లాగేశాడు.

టపటపా రాలాయి. నేల మీద పరుగెత్తి, బూట్లు దాటి, తెల్లకోటు మీదకి ఎగబాకాయి. కంగారులో 'వు' ముందెక్కేసింది, 'రే' వెనకబడింది. మళ్ళీ నవ్వులు. ఆవిడ తొణకలేదు. ఎడమ భుజం నెమ్మదిగా దించింది. 'వు' కిందికి జారింది, 'రే' దాన్ని దాటి పైకి వచ్చింది. మోచెయ్యి ఎత్తి అక్కడే ఆపింది. కుడి చేతి మీద 'నాలుగు' అక్షరాల్ని ఒక్కొక్కటిగా, నిద్ర లేచిన పిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు నిలబెట్టింది. తర్వాత రెండు చేతులూ విప్పి, మొహం ఎత్తి, జనం వంక చూసింది.

మాస్టారుకి ఆ పాత గొంతు వినిపించలేదు. వినిపించిందంటే అబద్ధం. కానీ ఒకసారి రేవు దాకా వెళ్ళొస్తే బాగుండుననిపించింది.

నవ్వినవాళ్ళు సంచులు ఎత్తుకుని నాలుగో ప్లాట్‌ఫారం వైపు కదిలారు. అందరికన్నా ముందు నడిచినవాడు సైకిలు బెల్లులు అమ్ముకునే పెద్దాయన. ఆయనకి పుట్టు చెవుడు. తను అమ్మే సరుకు ఎలా మోగుతుందో ఆయనకే తెలియదు. ఇన్నేళ్ళూ కనిపించినవాళ్ళ చొక్కా లాగి, ఏ బస్సు, ఎక్కడ అని సైగ చేసి, విసుక్కుంటే ఇంకొకళ్ళ చొక్కా లాగేవాడు. ఇవాళ ఎవరి చొక్కా ముట్టుకోలేదు.

బస్సు మెట్టు మీద కాలు పెట్టినవాడు మళ్ళీ ఏమనుకున్నాడో, దిగి గబగబా వెనక్కి వచ్చాడు. ఆవిడ ఎదురుగా నిలబడి ఆవిణ్ణి చూపించాడు. నేల చూపించాడు. వేలితో గాలిలో సూర్యుణ్ణి ఒక చుట్టు తిప్పాడు. రేపూ ఇక్కడే ఉంటావా?

ఆవిడ మేనేజరు వైపు తిరిగింది. పెద్దాయన కూడా తిరిగాడు.

"ఉంటుందయ్యా," అన్నాడు మేనేజరు గడియారం చూస్తూ. "నువ్వు బస్సెక్కు."

పెద్దాయన కదలలేదు. మళ్ళీ వేలితో సూర్యుణ్ణి తిప్పాడు.

"ఉంటుందంటున్నానుగా!" అని మేనేజరు అరిచాడు. హాలంతా వినిపించింది, వినాల్సిన మనిషికి తప్ప.

బస్సు హారను కొట్టింది. మేనేజరు అటూ ఇటూ చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆవిడ పక్కకి వచ్చి నిలబడి, ఆవిణ్ణి చూపించి, నేల చూపించి, వేలితో గాలిలో సూర్యుణ్ణి ఒకటి కాదు, మూడు నాలుగు చుట్లు తిప్పాడు. ఆ తర్వాత తల పైకీ కిందకీ, మెడ పట్టేస్తుందేమో అన్నంత పెద్దగా ఊపాడు.

పెద్దాయన నవ్వి బస్సు వైపు పరుగెత్తాడు. పది ఇరవైకి గనులకు వెళ్ళే బస్సు ఉంది. మాస్టారు ఇంకో షీటు పరుచుకుని, పళ్ళు బిగించి, మొదటి రెండక్షరాల మధ్య ఎడం చెడగొట్టడం మొదలెట్టాడు.