పగిలిన లైటు

నాది కార్ల డెంటింగ్ షెడ్డు. బండి రాగానే ముందు కడగాలి, తర్వాతే సుత్తి పట్టాలి. ఇరవై ఎనిమిదేళ్ల ఆ అలవాటే నా కొంప ముంచింది.

ఆ ఉదయం బూడిద రంగు కారొకటి వచ్చింది. కుడి లైటు పగిలింది, బానెట్ మీద సొట్ట.

"గేదె అడ్డొచ్చింది మేస్త్రీ," అన్నాడు ఓనరు.

బంపర్ సందులో నెత్తురు అట్టకట్టి ఉంది. బ్రష్షుతో గీకి మరీ కడిగాను. సొట్ట సాపు చేసి, కొత్త లైటు బిగించేసరికి సాయంత్రమైంది. అప్పుడు మరదలు ఫోన్ చేసింది.

పైపుల పనికి వెళ్తున్న మా తమ్ముణ్ని తెల్లవారుజామున కారొకటి గుద్ది, ఈడ్చుకెళ్లి, కాలువలో పడేసి పోయిందట. మధ్యాహ్నం దాకా ఎవరూ చూడలేదు. నేను ఆసుపత్రికి చేరేసరికి కాలు మోకాలి పైదాకా తీసేశారు.

"ఏ బండో తేలకపోతే పరిహారం ఆశ వదులుకోండి," అన్నాడు ఎస్సై.

మరదలు రుమాలు విప్పింది. డాక్టరు తమ్ముడి కండలోంచి లాగిన అద్దం ముక్క. అది బండి లైటుది. ముక్క అందుకున్నాను.

షెడ్డుకు పరిగెత్తాను. పాత లైటు తీసి ముక్క పెడితే, అతికినట్టు కూర్చుంది.

మా షెడ్డులో పాత సామాను ఓనరుకే ఇచ్చేస్తాం. మర్నాడు వాడు వస్తూనే అదే అడిగాడు.

"పాత లైటేది?"

"పోలీసులొస్తున్నారు. వాళ్లకిస్తాను."

వాడు జాకీ రాడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బకు భుజం ఎముక పటుక్కుమంది. రెండోది దవడ మీద. రెండు పళ్లు నాలుక మీదికొచ్చాయి. సుత్తి నా కాలి దగ్గరే ఉంది. అది తీయాలంటే లైటు వదలాలి. లైటును పొట్ట కింద పెట్టుకుని బోర్లా పడ్డాను. వీపు మీద ఎన్ని పడ్డాయో తెలీదు.

"వదలరా ముసలోడా."

వాడి పిక్క అందింది. మిగిలిన పళ్లతో కండ ఊడొచ్చేలా కొరికి పట్టుకున్నాను. ఎస్సై వచ్చి ఇద్దర్నీ విడదీశాడు.

లైటులో ముక్క కూర్చోబెట్టి చూసి, బండి నంబరు రాసుకున్నాడు.

"కడిగిందెవరు?"

"నేనే సార్."

"సొట్ట తీసింది?"

"అదీ నేనే."

"లైటొక్కటన్నా మిగిల్చావు."

ఆసుపత్రిలో తమ్ముడి పక్క మంచమే ఇచ్చారు. సంగతంతా విన్నాడు.

"నా స్కూటరు కడగమంటే ఏడాదిగా తీరిక లేదన్నావు కదన్నయ్యా," అన్నాడు. "వాడిది మాత్రం బ్రష్షు పెట్టి కడిగావు."