ప్లాస్టిక్ తొడిగిన విడాకులు

హెర్మినియాకి జపాన్‌లో విడాకులై చాలా ఏళ్లయింది. సొంతూరు ఇలోయిలోలో మాత్రం, విడాకులన్నవే లేని ఆ దేశ చట్టం ప్రకారం, ఆమె ఇంకా మొరిషిగె గారి భార్యే. ఆయన అక్కడ శుభ్రంగా మరో పెళ్లి చేసుకున్నాడు. ఈమె ఇక్కడ నెస్టర్‌ని పెళ్లాడాలంటే, ఆ విడాకులు నిజమేనని ఇక్కడి కోర్టు ఒప్పుకోవాలి. ఒప్పుకోవాలంటే, అక్కడి ఊరి ఆఫీసు ఇచ్చిన కాగితానికి వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర కాగితం పిన్నుతో జతపడాలి. ఒసాకాలో పనిచేసే స్నేహితురాలు కాళ్లరిగేలా తిరిగి ఆ రెండూ సంపాదించి పెట్టింది. ఆ తర్వాత తట్టాబుట్టా సర్దుకుని ఆవిడా ఇంటికొచ్చేసింది.

విచారణ రోజుదాకా భద్రంగా ఉంటాయని హెర్మినియా వాటిని తల్లి పురిటా చేతికిచ్చింది. అదే కొంప ముంచింది. పురిటా ఇంట్లో విలువైనదేదీ ప్లాస్టిక్ లేకుండా బతకదు. సోఫాకి ప్లాస్టిక్, టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్, కూతురి డిగ్రీ పట్టాకి ప్లాస్టిక్. చెదలూ చెమ్మా తుఫానులూ ఉన్న ఊళ్లో తల్లిప్రేమ అలాగే ఉంటుంది. మార్కెట్ పక్క జిరాక్సు షాపులో, రెండూ కలిపి మిషన్లో పట్టవన్నారు. ఆవిడే గోటితో పిన్ను పీకి, దేనికది లామినేషన్ చేయించింది. పైగా మూలలు గుండ్రంగా కత్తిరించమంది.

కోర్టు గుమాస్తా వాటిని వెలుతురుకి పెట్టి చూసి, మర్యాదగానే తిరిగిచ్చాడు. పిన్ను ఊడితే ముద్ర చెల్లదట. మనుషులు విడిపోతామంటే ఒప్పుకోని దేశం, విడాకుల కాగితాలు విడిపోయినా ఒప్పుకోలేదు. వాయిదా వచ్చే ఏడాదికి పడింది.

“తుఫానొచ్చినా తడవవు కదే,” అంది పురిటా చిన్నబోయి.

నెస్టర్ బాగానే ఉన్న మోటారుసైకిల్ చైన్‌ని చీకటిపడేదాకా బాగుచేశాడు. ఏదైనా అని ఉంటేనే నయమనిపించింది హెర్మినియాకి.

మళ్లీ ఆ కాగితాలు తెప్పించాలంటే, అక్కడ ఆమెకి మిగిలిన మనిషి మొరిషిగె ఒక్కడే. సిగ్గు చంపుకుని ఫోన్ చేసింది. ఎత్తింది కొత్త భార్య జోవెలిన్. మాటలో ఇలోయిలో యాస. ఆరా తీస్తే చేపల రేవు దగ్గరి పిల్లే. హెర్మినియా సంగతంతా చెప్పింది, ప్లాస్టిక్‌తో సహా. అవతల పిల్ల నవ్వాపుకోలేక, తన పదో తరగతి సర్టిఫికెట్‌కీ అదే గతి పట్టిందని చెప్పింది.

“నేనే తీసి పంపిస్తాలే అక్కా. ఆఫీసు మా వీధి చివరే.”

వెనకాల ఎవరో గిన్నెని బల్లమీద ఠపీమని పెట్టారు. ఆ చప్పుడు హెర్మినియాకి తన కాపురం రోజుల నుంచీ తెలుసు. అన్నం చల్లారిందని అర్థం.

జోవెలిన్ గొంతు తగ్గించింది. “అక్కా, ముద్ర ఎక్కడ వేయించాలో, మన ఊరి కోర్టులో ఎవర్ని కలవాలో కాస్త వరసగా రాసి పంపవా? నాకూ ఎప్పుడైనా పనికొస్తుంది.”

హెర్మినియా పెన్నూ కాగితం దగ్గరికి లాక్కుంది.

“రాస్తాలే చెల్లీ,” అంది. “కాగితాలు మీ అమ్మ చేతికి మాత్రం ఇవ్వకు.”