తొమ్మిదో వరసలో ఎర్రగుడ్డ కట్ట

పార్లమెంటు భవనంలో మెట్లు దిగీ దిగీ, ఇక దిగడానికి మెట్లు లేవనుకునే చోట పాత కాగితాల గది ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా దాని తాళాలు ఒకే మనిషి నడుముకు వేలాడుతున్నాయి. ఆయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన తాళాలాయనే. పైకప్పు కారిన ఏడాది తడుస్తున్న కట్టలన్నిటినీ ఎత్తి, చోటు దొరికిన అరలో పెట్టింది ఆయనే. ఏది ఎక్కడ పెట్టాడో రాసిపెట్టిన కాగితం లేదు. అంతా ఆయన బుర్రలోనే.

అలాంటి గదిలోకి ఒకనాడు పైదేశపు మేడమ్ వచ్చింది. నాలుగైదు దేశాలు కలిసి పార్లమెంటుకు సాయం చేస్తున్నాయట. సభ్యులు అడిగిన కాగితం పది నిమిషాల్లో చేతికందేలా చేస్తారట. ఆవిడ మాట మనకూ, మన మాట ఆవిడకూ చెప్పడానికి రిటైరైన స్కూలు మాస్టారు ఒకాయన దుబాసీగా వచ్చాడు. మేడమ్ అడిగేది ఒక్కటే. ఇది ఎక్కడుంటుంది, అది ఎక్కడుంటుంది. చెప్పిందల్లా చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకునేది.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ కబురు విన్న బామ్మర్ది కుర్చీలో ఒక పక్కకు ఒరిగాడు.

"బావా, ఊరికే వచ్చి సాయం చేసేవాళ్ళని ఎక్కడన్నా చూశావా నువ్వు?"

"పైవాళ్ళు ఒప్పుకున్నార్రా."

"ఒప్పుకోరా మరి! నీ బుర్రలో ఉన్నదంతా ఆ పుస్తకంలోకి ఎక్కాక నీతో పనేముంది? రసం పిండుకున్నాక పిప్పిని ఎవడైనా జేబులో పెట్టుకుంటాడా?"

"ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది నాకు."

"అందుకే చెప్తున్నా. పొమ్మనరు బావా, పొగబెడతారు."

మర్నాటి నుంచి తాళాలాయనకు అన్నిట్లోనూ పొగే కనిపించింది. మేడమ్ టేపుతో అర కొలిస్తే పొగ. గోడకు ఫోటో తీస్తే పొగ. ఒక మధ్యాహ్నం ఆయన అన్నం తిని వచ్చేసరికి ఆవిడ లోపలి వరసల్లోంచి మోచేతులకు దుమ్ముతో బయటికొచ్చింది. 'నేను లేనప్పుడు నీకేం పనమ్మా' అని అడగబోయి, దుబాసీ పక్కన లేడని మింగేశాడు. గోతికాడ నక్క అనుకున్నాడు మనసులో.

అంతటితో ఆగినా బాగుండేది. మంత్రులు సభలో లేచి 'చేస్తాం' అన్న మాటలన్నీ హామీల కట్టల్లో ఉంటాయి. ఎక్కువమంది అడిగేవి అవే. అవి దొరక్కపోతే చచ్చినట్టు తననే పిలవాలి. మిగతావన్నీ నిజం చెప్పి, ఆ కట్టలకు మాత్రం నాలుగో వరస, కింది అర అన్నాడు. అసలున్నది తొమ్మిదో వరస, పై అర. మేడమ్ తలెత్తి ఒక్క క్షణం చూసి, పెన్సిల్‌తో రాసుకుంది. ఆ లెక్కనే లిస్టు టైపై కమిటీకి వెళ్ళింది.

తాళాలాయన సొంత అక్కకు కావలసిన కాగితం కూడా ఆ కట్టల్లోనే ఉంది. కాలవగట్టు మీద అరవై ఇళ్ళు తీసేస్తామని నోటీసులొచ్చాయి. అందులో ఒకటి అక్కది. 'వేరే ఇళ్ళు చూపించాకే వీటిని ముట్టుకుంటాం' అని తొమ్మిదేళ్ళ కిందట మంత్రి సభలోనే మాటిచ్చాడు. అది పట్టుకుని అక్క హామీల కమిటీకి అర్జీ పెట్టుకుంది. విచారణ సోమవారం. కమిటీ చీటీ రాకుండా కట్ట బయటికి తీయకూడదు గానీ, ఆ రోజు తను గదిలోనే ఉంటాడు, చిటికెలో తీసిస్తాడు. భయమేముంది?

ఆ ముందు గురువారం మూడో అంతస్తులో మేడమ్ వాళ్ళ ట్రైనింగు పెట్టారు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బుట్టలో వేయమన్నారు. తనను గదిలోంచి కదిలించడానికే ఈ ఎత్తని తాళాలాయన వెనక కుర్చీలో కూర్చుని పళ్ళు కొరుకుతుంటే, కమిటీ గుమాస్తా ఆయాసపడుతూ వచ్చింది.

"తాళాలాయనా, కాలవగట్టు హామీ కావాలి. లిస్టులో రాసిన చోట లైబ్రరీ హాజరు పట్టీలు తప్ప ఏం లేవు."

"సోమవారం కదమ్మా విచారణ?"

"ఇవాళ్టికి జరిపారు. మీ అక్కయ్య వచ్చి కూర్చుంది. ఎన్నిసార్లు ఫోను చేసినా ఎత్తలేదట మీరు."

తాళాలాయన రెండేసి మెట్లు దిగాడు. నిచ్చెన వేసి తొమ్మిదో వరస పై అరలోంచి ఎర్రగుడ్డ కట్ట లాగి, అలాగే మోసుకుని, తొమ్మిదో వరసలో దొరికిందంటూ కమిటీ గదిలో పెట్టాడు. ట్రైనింగు వదిలేసి మేడమూ, దుబాసీ కూడా వెనకే వచ్చి గోడవార నిలబడ్డారు. కమిటీ పెద్ద, కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ, కట్ట విప్పబోయింది.

ఇళ్ళు తీసే శాఖ అధికారి చెయ్యి ఎత్తాడు. "ఒక్క మనవి అధ్యక్షా. లిస్టులో ఉన్నది నాలుగో వరస. ఈ కట్ట దొరికింది తొమ్మిదో వరసలోనట. తెచ్చిందేమో అర్జీదారు సొంత తమ్ముడు. ఇందులో కాగితం కొత్తగా దూర్చలేదని ఏంటి నమ్మకం?"

పెద్దావిడ కట్ట మీంచి చెయ్యి తీసేసింది.

"ఆ లిస్టు ఎవరిచ్చారు?" అంది పెద్దావిడ.

మేడమ్ తప్పు రాసుకుందంటే సరిపోతుంది. భాష రాని మనిషి, ఎదురు చెప్పేలోపు ఆ మాట నిలబడిపోతుంది. దాంతో పుస్తకం పీడా వదుల్తుంది. తాళాలాయన నోరు తెరిచాడు. అక్క కళ్ళల్లోకి చూడలేక కట్ట ముడి వైపు చూశాడు. ఒక అబద్ధం మీద ఇంకోటి పెడితే నిజం కాగితం కూడా కిందే నలిగిపోయేట్టుంది.

"నేనేనండీ. అబద్ధమని తెలిసే చెప్పాను. పుస్తకంలోకి ఎక్కితే నన్ను పంపించేస్తారని భయమేసింది."

దుబాసీ మేడమ్ చెవిలో గొణిగాడు. ఆవిడ ఆశ్చర్యపోలేదు. చిన్న పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. 'నాలుగో వరస' అన్న మాట చెరిపేసి ఉంది. పక్కన తొమ్మిది. కమిటీ లిస్టు ఆ దిద్దుబాటుకు ముందే వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఫోను చూపించింది. ఎర్రగుడ్డ కట్ట, లోపలి కాగితాల వరస, ఒక్కో కాగితం, మూడు వారాల కిందటి తేదీతో. ఆ మధ్యాహ్నం మోచేతుల దుమ్ము అదన్నమాట.

పెద్దావిడ ఫోటోనూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చదివింది. "వేరే ఇళ్ళు చూపించేదాకా అక్కడ ఒక్క ఇటుక కదలకూడదు," అని అధికారికి చెప్పి, ఇటు తిరిగింది. "మీకు మెమో వస్తుంది. జవాబు రాసుకోండి."

బయట వరండాలో అక్క చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "నా కొంపకి గొయ్యి నువ్వే తవ్వావు కదరా."

"పూడ్చాను కదక్కా."

"నువ్వా? ఆ మహాతల్లి పూడ్చింది."

మర్నాడు మేడమ్ మళ్ళీ పుస్తకంతో వచ్చింది. తాళాలాయన కూర్చోమనలేదు.

"మాస్టారూ, అడగండి. లిస్టు పూర్తయ్యాక నన్ను పంపించేస్తారా?"

మేడమ్ జవాబు చెప్పింది.

"తనకు తెలియదంటోంది. అది మీవాళ్ళు తేల్చాల్సిందట. తను మాట ఇవ్వలేదట," అన్నాడు దుబాసీ.

బామ్మర్ది వింటే ఎగిరి గంతేస్తాడు. అయినా ఇన్ని వారాల్లో ఈ గదిలో వినపడిన సూటి జవాబు ఇదేననిపించింది ఆయనకు.

"రాసుకోమనండి. సభ్యుల అర్జీలు, ఆరో వరస, పై అర."

మేడమ్ రాయలేదు. ఆరో వరస వైపు చూసింది. తాళాలాయన నిట్టూర్చి, నిచ్చెన తనే తెచ్చి వేసి, ఆవిడ ఎక్కి కళ్ళారా చూసుకునేదాకా కింద పట్టుకున్నాడు.