బండి మోతలో చెప్పిన మాట

తెల్లారి షిఫ్టుకి పిలిచే మిల్లు సంగు ఊదకముందే వీరాయికి మొదటి పని మొగుడి మోటారుబండి తుడిచేది. కిరసనాయిల్లో తడిపిన పేలికతో చక్రం కమ్మీలు ఒక్కొక్కటే రుద్దాల. అత్త రామాయి అరుగు మీద కూర్చుని కాఫీ ఊదుకుంటా, "గట్టిగా రుద్దవే, అది నా పెద్దకోడలు, నువ్వు దాని తర్వాత వచ్చినదానివి" అంటాది. వీధంతా నవ్వుతాది, వీరాయి కూడా నవ్వుతాది. దాంట్లో అబద్ధమేముంది? బండి నిజంగానే పెళ్లికి ముందు వచ్చింది. అది వానలో తడవకుండా రేకుల కొట్టం ఉంది. అది రెండుసార్లు దగ్గితే బాలసుందరం మిల్లుకి లీవు పెడతాడు. వీరాయికి జొరమొస్తే మాత్రం, సొంటి వేసిన సుక్కుకాఫీ తాగి షిఫ్టుకి పో, సరైపోతాది అంటాడు.

బాలసుందరం మిల్లులో ఫిట్టరు. పోయిన ఏడు కారమడై దారిలో ఒక అరవం బండిరేసు సినిమా తీసినప్పుడు హీరోకి బదులు బండి తోలింది ఇతనే. తలకి టోపీ, కళ్లకి పెద్ద అద్దాలు తగిలిస్తే హీరో ఎవరో, ఫిట్టరెవరో కన్నతల్లికి కూడా తెలీదు. పది నెలలుగా టీకొట్లో అదే కథ. చెప్పేకొద్దీ బండి వేగం పెరిగేది, మలుపులు ఎక్కువయ్యేవి. ఆఖరికి హీరోయినే తన నడుం పట్టుకుని వెనకాల కూర్చుందనే దాకా వచ్చింది. కుళాయి దగ్గర ఆడోళ్లు ఊరుకుంటారా? "వీరాయీ, నీ మొగుడి చొక్కా ఉతికేటప్పుడు పౌడరు వాసన వచ్చిందా?" అని ఏడిపించేవాళ్లు. వీరాయి బిందె చంకకెత్తుకుని వచ్చేసేది.

ఆ వెనకాల కూర్చున్నది వీరాయే.

ఆ దినం అత్తతో కలిసి తూక్కుచట్టి క్యారేజీలో మొగుడికి చద్దన్నం తీసుకుపోయింది. హీరోయిను బండెక్కేదానికి భయపడి గొడుగు కింద కూర్చునేసింది. అదే ఒడ్డూపొడుగూ ఉన్న ఆడది ఎవరైనా దొరుకుతారా అని వాళ్లు వెతుకుతుంటే, "మా ఇంటిది ఉందే" అనేసినాడు బాలసుందరం. కూర్చుంటావా అని ఆమెని అడగలేదు. వీరాయికి అప్పుడు రెండో నెల. శనివారం కారమడై రంగనాథుడికి దండం పెట్టుకుని, ఆ తర్వాత మొగుడికి చెప్పాలని మనసులోనే దాచుకుని ఉంది. ముప్పై మంది మగోళ్ల ముందర ఆ మాట ఎట్లా అంటాది? "మొగుడెనక కూర్చునేదానికి సిగ్గేమే" అని అత్త వీపు మీద తట్టింది. పంట్లాము తొడిగినారు, టోపీ, అద్దాలు పెట్టినారు, ఎక్కింది. మూడో రౌండులో కంకర మీద బండి ఎగిరెగిరి పడతా ఉంటే పొత్తికడుపులో ఏదో పట్టేసింది. అతని చెవి దగ్గరికి వంగి చెప్పింది. మళ్లీ చెప్పింది. ఇంకోసారి అరిచి చెప్పింది. బండి నిలవలేదు. ఆ దినం ఏడు రౌండ్లు.

నాలుగో దినానికి అంతా పోయింది.

"ఆ మిల్లు వేడే తినేసింది నా మనవణ్ణి" అన్నాది రామాయి. బాలసుందరం తల ఊపినాడు. డాక్టరమ్మ ఏమందో ఎవరికీ పట్టలేదు. సినిమా ఆడితే తను మద్రాసులో బండి ఫైట్లకి పోతాడంట, వీరాయి మిల్లు మానేసి అత్త దగ్గర ఉండాలంట. మానేస్తున్నానని రాసిన కాగితం అప్పుడే దీపం గూట్లోకి వచ్చేసింది, వీరాయి సంతకం ఒక్కటే బాకీ. సినిమా చూసొచ్చి పెట్టు, అన్నాడు. పెట్టేదానికే ఉండింది వీరాయి. రోజూ పదిమంది ఒకే మాట అంటా ఉంటే ఎవరికైనా అదే నిజమనిపిస్తాది. మొగుడి మీద కూడా కోపం లేదు. పాపం, బండి మోతలో ఆయనకి వినపళ్లేదు అనుకునేది. ఆ ఒక్క మాట పట్టుకునే పది నెలలు అన్నం వండింది, బండి తుడిచింది, పక్కలో పడుకుంది.

మిల్లు సంగతి తెలీనివాళ్లకి ఒకటి చెప్పాల. వీరాయి నూలు చుట్టే వైండింగు షెడ్డులో మిషన్లు మొదలైతే చెవిలో అరిచినా వినపడదు. అందుకని ఎనిమిది గంటలూ మాటలన్నీ పెదాలతోనే. ఆ కొసన ఒకామె పెదాలాడిస్తే, రాత్రి వాళ్లింట్లో కరువాడు ఎండుచేపల పులుసని ఈ కొసకి తెలిసిపోతాది. ఫిట్టర్లకీ అంతే. ఏళ్లు గడిస్తే అది కళ్లకే అలవాటైపోతాది.

ఆదివారం మధ్యాహ్నం ఆట. మిల్లు లైను ఇళ్లలోని తెలుగోళ్లంతా సినిమా కొటాయిలో నాలుగు బెంచీలు నింపేసినారు. రేసు వచ్చింది, ఈలలు మొదలైనాయి. ముందు పోయే కెమెరా కారులో నుంచి తీసినట్టుంది, తెర నిండా రెండు మొహాలు. టోపీలూ అద్దాలూ పోగా మిగిలినవి రెండు నోళ్లే. కొటాయంతా బండి మోత. వెనకనోరు ఆడింది. వీరాయి పక్కన కూర్చున్న, షెడ్డులో అటు వరస రాసాత్తి ఈల సగంలో ఆపేసింది. ఆ వెనక బెంచీ ఆడోళ్లు ముందుకి వంగినారు. అరవసినిమాలో, అంత మోత మధ్యన, తెలుగులో ఒక ఆడది చెప్తా ఉంది:

"మామా, కడుపులో బిడ్డుండాది. బండి నిలుపు."

ముందున్న నోరు వెనక్కి తిరక్కుండానే ఆడింది. బండి మీద వీపు చూస్తా కూర్చున్న వీరాయికి అప్పుడు కనపడనిది ఇప్పుడు అడుగు పొడుగున కనపడింది.

"విన్నాలే. ఇంకో నాలుగు రౌండ్లు, ఓర్చుకో."

పక్క బెంచీల్లో అరవం వాళ్లు ఈలలేస్తానే ఉన్నారు. ఈ నాలుగు బెంచీల్లో దగ్గు కూడా లేదు. బాలసుందరం తన చెప్పుల్ని చూసుకుంటా ఉన్నాడు. మిల్లు గేటు కూడా తొక్కని రామాయికి ఏమీ అర్థం కాలేదు. "ఏమంటాడే నా కొడుకు?" అని కోడల్ని మోచేత్తో పొడిచింది.

"వినపడిందంట అత్తా" అన్నాది వీరాయి.

ఇంటికొచ్చినాక ఆ దినం కారు ముందు పోతా ఉండిందనీ, నిలిపితే పరువు పోయేదనీ బాలసుందరం చాలాసేపు చెప్పినాడు. వీరాయి అతని కళ్లల్లోకి చూడలేదు, పెదాలే చూసింది. కాగితం గూట్లోనే ఉంది. దాన్ని ఆమె చించలేదు, సంతకమూ పెట్టలేదు.

సోమవారం సంగు ఊదేసరికి బండి మీద దుమ్ము అట్లనే ఉంది. పేలిక తీగ మీద ఆరతా ఉంది. షెడ్డులో మిషన్లన్నీ ఒక్కసారిగా లేచినాయి. అటు వరసలో నుంచి రాసాత్తి, మానేస్తావంట కదే, అని పెదాలాడించింది. వీరాయి తెగిన నూలు ముడేసి, తలెత్తి, ఒక్కొక్క మాటా నిదానంగా చెప్పింది.

"సాయంత్రం మీ ఇంట్లో నాకొక చాప పరిచి పెట్టక్కా."