అడుగు తెలుపు

మునిశేఖర్ బనీను గుడ్డ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, కళ్లు మూసుకుని రుద్దాడు. అప్పుడే విప్పిన బేలు నుంచి కొత్త నూలు వాసన వస్తోంది. ఇరవైఏడేళ్లుగా రోజూ పొద్దున ఈ వాసన కోసమే బేలు తనే విప్పుతాడు. వేరేవాళ్లు విప్పితే ఆ పూటంతా ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది అతనికి.

"నూటఎనభై," అన్నాడు తనలో తను.

కౌంటరు అవతల లాప్‌టాప్ ముందు కూర్చున్న లోహిత లేచి వచ్చి బేలు మీది చీటీ చూసింది. చదరపు మీటరుకు నూటఎనభై గ్రాములు అని రాసి ఉంది.

"మామా! మీ వేళ్లలో తక్కెడ ఉండాదా?"

మునిశేఖర్ నవ్వాడు, కాని నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

లోహిత దుకాణం యజమానుల ఇంటి కోడలై మూడు నెలలైంది. చిత్తూరు పిల్ల, కంప్యూటరు చదువు. మూడోనాడు దుకాణానికి వచ్చినప్పుడే, "ఆయన మిమ్మల్ని మామా అంటాడు. నేనేమనాల? వరస తెలిసేదాకా నేనూ మామానే అంటా," అనేసింది. కొర్లగుంట సందులోని ఈ టీషర్టుల దుకాణానికి ఆమె నవ్వు కొత్త. అద్దాల తలుపు తెరిచినా నవ్వుతుంది, టీ గ్లాసు పొగలు చూసినా నవ్వుతుంది. రేణిగుంటలో గోడౌను సర్దుతున్న మొగుడు భానుచందర్ గంటకోసారి ఫోను చేస్తే, "ఇప్పుడే కదా చేసినావు!" అంటూనే గోడవైపు తిరిగి పావుగంట మాట్లాడుతుంది. గోడమీద వేలితో ఏవో ముగ్గులు వేస్తూ మాట్లాడుతుంది. అది చూస్తే మునిశేఖర్‌కు కూడా ముచ్చటగానే ఉండేది. ఈ వారం దాకా.

ఈ వారమే భానుచందర్ చెప్పాడు. ఇకనుంచి జనం ఫోన్లోనే బొమ్మ పెట్టి, గుడ్డ ఎంచుకుని, ధర చూసుకుని ఆర్డరిస్తారు. అచ్చు వేసే పనంతా గోడౌనుకు పోతుంది. ఒకటో తేదీ నుంచి ఈ కౌంటరు ఉండదు. "నువ్వు ఆడికే వచ్చేయి మామా, ప్యాకింగు సూసుకుందువు," అన్నాడు. ప్యాకింగంటే రోజంతా నిలబడి చేసే పని. మునిశేఖర్ మోకాళ్లు గంట కూడా ఓర్చవు. భానుచందర్‌కు ఆ సంగతి తెలియదు. మునిశేఖర్ ఎన్నడూ చెప్పలేదు.

ఇంతకాలం ఇక్కడ ధరల పట్టిక లేదు. భానుచందర్ తండ్రి దొరస్వామి బతికున్నన్నాళ్లూ, ఎవరొచ్చినా "శేఖరును అడగండి" అనేవాడు. మునిశేఖర్ గుడ్డ పట్టుకుని, బొమ్మ చూసి, వచ్చిన మనిషిని చూసి ఒక ధర చెప్పేవాడు. అదే ధర. ఇప్పుడా ధరలకు సూత్రాలు కావాలి కంప్యూటరుకు. అతన్ని అడిగి రాసుకోవడమే రెండు రోజులుగా లోహిత పని. ఈ మధ్యాహ్నం పన్నెండుకు ఆన్‌లైను దుకాణం తెరుస్తారు.

"అన్నీ ఒకేతూరి చెప్పేయొద్దు," అంది పొద్దున చంద్రగిరిలో అతని భార్య ఆనందమ్మ, క్యారియరు మూత బిగిస్తూ. "ఏదో ఒకటి నీ కాడ పెట్టుకో. అప్పుడు గానీ వాళ్లకు నీ అవసరం తెలీదు."

బస్సులో నిలబడ్డంతసేపూ ఆ మాటే అతని చెవిలో ఉంది.

"పీసుల లెక్క అయింది," లోహిత వేళ్లు మడుస్తోంది. "పదికో ధర, యాభైకో ధర, నూరు దాటితే ఇంకోటి. రంగుకో అచ్చు ఫ్రేము, కాబట్టి రంగుకు ఇంత. ముందూ వెనకా అచ్చేస్తే ఇంత. పెద్ద సైజులకు గుడ్డ ఎక్కువ పడతాది, ఇంత. రేపటికే కావాలంటే ఇంత. ఇంకేముండాది మామా?"

మునిశేఖర్ కత్తెర తీసుకుని గుడ్డ అంచున వేలాడే దారాలు కత్తిరించడం మొదలుపెట్టాడు.

"గుడ్డ రంగుతో ఏమన్నా పనుండాదా? తెల్లదైనా నల్లదైనా ధర ఒకటేనా?"

కత్తెర ఆగింది. అతని కుడిభుజం ఎడమదానికంటే కాస్త కిందికి ఉంటుంది. వేల వేల చొక్కాల మీద రబ్బరు పట్టీతో ఇంకు లాగిన భుజం అది. ఇప్పుడది ఇంకొంచెం కిందికి దిగినట్టయింది.

"రంగుదేముండాది పాపా," అన్నాడు. "గుడ్డ గుడ్డే కదా."

"సరే!" అని లోహిత టకటకా కొట్టేసింది.

అంత తేలిగ్గా నమ్ముతుందని అతను అనుకోలేదు.

పదకొండు గంటలకు గ్రేసీ వచ్చింది. చర్చి యువజన కూటమికి ప్రతి ఏడూ చొక్కాలు చేయించే అమ్మాయి. చేతిలో గొడుగు, మెడలో స్కూలు టీచరు కార్డు.

"నలభై తెల్లవి అన్నా, గుండె మీద ఒకే రంగు బొమ్మ. ఎంత?"

మునిశేఖర్ బొమ్మ చూశాడు. "నూటతొంభై."

"పోయిన క్రిస్మస్‌కు నూటఎనభైకే ఇచ్చినారు!"

"అప్పుడు అరవై తీసుకున్నావు. ఇప్పుడూ అరవై తీసుకో, నూటఎనభైకే ఇస్తా."

"ఇంకో ఇరవై మందిని యాడ్నుంచి తెచ్చేదన్నా? నీకోసం రోడ్డు మీద పొయ్యేటోళ్లకంతా బాప్తిస్మం ఇప్పించాల్నా?"

"పాస్టరు గారు సంతోషపడతారు కదా, సూడు."

గ్రేసీ నవ్వుతుండగానే లోహిత లాప్‌టాప్ వాళ్లవైపు తిప్పింది. తెర మీద నలభైకి నూటతొంభై, అరవై కొడితే నూటఎనభై.

"మామా, సరిగ్గా మీరు చెప్పిందే!" చప్పట్లు కొట్టింది.

"బలే ఉండాదే!" అంది గ్రేసీ తెరలోకి వంగుతూ. "అయితే ఈసారి నుంచి నేను ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. ఎండలో వచ్చే పన్లేదు."

మునిశేఖర్ రసీదు రాసిచ్చాడు. రాసిన చేతివైపు గ్రేసీ చూడలేదు. తెర వైపే చూస్తూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం క్యారియరు విప్పితే ఉల్లిగడ్డల పులుసు ఉంది. అతనికి ఇష్టమైనది. ఆనందమ్మ అందుకే చేసి ఉంటుంది. గిన్నె అంచుకంటిన చివరి బొట్టు కూడా వేలితో తీసుకుంటాడు మామూలుగా. ఇవాళ సగం మిగిలింది. లోహితకు చెప్పకుండా దాచిన సంగతే తలలో తిరుగుతోంది: ముదురు గుడ్డ మీద రంగు నేరుగా వేస్తే నిలవదు. గుడ్డ మింగేస్తుంది. అడుగున తెలుపు వేసి, వేడిగాలితో ఆరబెట్టి, దానిమీద రంగు వేయాలి. అంటే ఒక ఫ్రేము ఎక్కువ, ప్రతి చొక్కాకూ ఇంకో చేయి పని ఎక్కువ. భానుచందర్ బెంగుళూరులో చదివి, తండ్రి పోయాక లెక్కలు చూడడానికి వచ్చినవాడు. అతని చేతికి ఎప్పుడూ ఇంకు అంటలేదు. ఒక వారానికో పది రోజులకో ఏదో చిన్న ఆర్డరు తేడా వస్తుంది, 'మామ లేకపోతే కాదు' అంటాడు. అంతే. ఎవరికీ పెద్ద నష్టం ఉండదు. చేయి కడుక్కుంటూ ఆ మాట తనకు తాను రెండుసార్లు చెప్పుకున్నాడు.

మూడు దాటాక లాప్‌టాప్ గంట కొట్టినట్టు మోగింది.

"మామా!" లోహిత కుర్చీలోంచి లేచిపోయింది. "ఆర్డరు! మొట్టమొదటి ఆర్డరు! ఇంజనీరింగు కాలేజీ పిల్లోళ్లు, ఫెస్టుకు. మూడు నూర్లు మామా, మూడు నూర్లు!"

"ఏ గుడ్డ?"

"నల్లది. మూడు రంగులు. ఒక్కోటి రెండునూర్ల అయిదు."

మునిశేఖర్ స్టూలు అంచు పట్టుకున్నాడు. అడుగు తెలుపుకు చొక్కాకు పద్దెనిమిది. మూడు నూర్లకు అయిదువేల నాలుగు నూర్లు, దుకాణమే ఎదురు పెట్టుకోవాలి.

"ఒప్పుకున్నావా?" అన్నాడు.

"లేదింకా. ఈడ నొక్కితే ఒప్పుకున్నట్టు. తరవాత మార్చడానికి లేదు." లోహిత సిగ్గుపడుతూ నవ్వింది. "ఆయన్ను రానీ మామా. ఫోన్లో చెప్పలేదు నేను, ఊరికే రమ్మన్నా. ఇద్దరం కలిసి ఒకే వేలుతో నొక్కాల. రేణిగుంట నుంచి బయల్దేరినాడు."

ఒకే వేలుతో ఇద్దరెలా నొక్కుతారో అతనికి అర్థం కాలేదు. ఆమెకు మాత్రం అందులో సందేహమేమీ ఉన్నట్టు లేదు. సంచిలోంచి చిన్న అద్దం తీసి బొట్టు సరిచేసుకుంటోంది. రేణిగుంట నుంచి అరగంట. దారిలో రైలు గేటు పడితే ఇంకో పది నిమిషాలు.

అతను కౌంటరు తుడిచాడు. తుడిచినచోటే మళ్లీ తుడిచాడు. నష్టం వస్తే భానుచందర్ ఎవరిని అడుగుతాడు? సూత్రాలు రాసింది ఎవరో వాళ్లనే. 'గుడ్డ రంగు సంగతి అడగలేదా నువ్వు?' అంటాడు. ఆ పిల్ల అడిగింది. 'మామ చెప్పలేదు' అంటుందా? అనదు, మరిచిపోయానేమో అని తననే తిట్టుకుంటుంది. మూడు నెలల కాపురంలో మొదటి తగాదా అదవుతుంది.

ఈసారి నోరు మూసుకుంటే కౌంటరు మిగులుతుంది. అది కూడా నిజమే. అరగంట అలా కూర్చుంటే చాలు.

గోడ గడియారంలో మూడూ ముప్ఫై అయిదు. వీధిలో ఏ బండి ఆగినా అతని తల అటే తిరుగుతోంది.

లేచాడు. మోకాలు పట్టేసింది. ఒక చేత్తో గోడ పట్టుకుని లోపలి గదిలోకి పోయాడు. నల్ల గుడ్డముక్క ఒకటి బల్లమీద పరిచి, ఒక పక్క ఎరుపు నేరుగా లాగాడు. రెండో పక్క ముందు తెలుపు లాగి, వేడిగాలి మిషను పట్టాడు. ఆరడానికి నిమిషం కూడా పట్టదు. అతనికి చాలాసేపు పట్టినట్టుంది. దానిమీద ఎరుపు లాగి, ఫ్రేము ఎత్తాడు. రంగు తళతళమంటూ లేచింది. ఇన్నేళ్లయినా, ఫ్రేము ఎత్తే ఆ క్షణం అతనికి ప్రతిసారీ పండగలా ఉంటుంది. ఇవాళ కూడా ఉంది.

గుడ్డముక్కను రెండు చేతులతో పట్టుకొచ్చి లోహిత ముందు పెట్టాడు.

"ఇదేంది మామా?"

"రెండూ ఒకే ఎరుపు పాపా. దీనికింద తెలుపుండాది. దీనికింద లేదు."

లోహిత చూసింది. ఒక ఎరుపు ఎండిన నెత్తురులా నల్లబడింది. రెండోది కొత్త కుంకుమలా ఉంది. మెల్లగా ఆమె కళ్లు తెర మీద ఆర్డరు వైపు తిరిగాయి.

"అంటే నల్ల గుడ్డకు... నాలుగు రంగులు లెక్క."

"ఆ."

"పొద్దున అడిగినా కదా మామా?"

"అడిగినావు. నేనే చెప్పలా."

"ఎందుకు?"

మునిశేఖర్ కౌంటరు చెక్క మీద చేయి ఆనించాడు. ఆ చెక్క అంచు అతని మోచెయ్యి ఆనినచోట గుంటపడి నున్నగా మెరుస్తోంది. లోహిత ఆ గుంట వైపు చూసింది, తరవాత అతని మొహం వైపు. ఆమె నవ్వు ఎటు పోయిందో తెలియలేదు.

"ముదురు గుడ్డయితే రంగుల లెక్కకు ఒకటి కలపాల," అని మెల్లగా చదువుకుంటూ సూత్రం రాసింది. తరవాత కాలేజీ అబ్బాయికి ఫోను చేసింది. "తప్పు మాదే తమ్ముడూ, ధర రెండునూర్ల ఇరవై మూడు... లేదు, తగ్గదు... రెండు రంగులతో సరిపెట్టుకుంటారా? అట్లయితే రెండునూర్ల అయిదుకే వస్తాది." ఫోను చెవిన పెట్టుకునే మునిశేఖర్ వైపు చూసి, తలూపింది. వాళ్లు రెండు రంగులకు ఒప్పుకున్నారు.

భానుచందర్ హెల్మెట్ తీయకుండానే లోపలికొచ్చాడు. "ఏమైంది? ఊరికే రమ్మంటివే!"

లోహిత తెర చూపించింది. అతను కేక పెట్టాడు. ఇద్దరూ చూపుడువేళ్లు ఒకదానిమీద ఒకటి పెట్టి నొక్కారు. అదా ఒకే వేలు, అనుకున్నాడు మునిశేఖర్. అతనికి నవ్వొచ్చింది.

"మామా," అన్నాడు భానుచందర్ హెల్మెట్ తీస్తూ, "ధరల్లో ఇంకేమన్నా మిగిలిందా, చెప్పాల్సింది?"

లోహిత తల దించుకుని ఏదో కొడుతున్నట్టు ఉంది. ఏమీ కొట్టడం లేదు.

"లేదప్పా. అంతా చెప్పేసినా."

"అయితే ఒకటో తేదీ నుంచి రేణిగుంటకు..."

"నేను రాలేనప్పా. మోకాళ్లు నిలబడనీవు."

"ఎప్పుడూ చెప్పనే లేదే మామా! సరే, నెలాఖరు దాకా ఈడే కూర్చో. తరవాత ఏదో ఒకటి సూద్దాం."

"ఊరికే కూర్చుని ఏం చేసేది?" మునిశేఖర్ క్యారియరు అందుకున్నాడు. "రేపట్నుంచి రాను. పాప చెప్తాది ధరలు."

"మామా..." అంటూ లోహిత తలుపుదాకా వచ్చింది. "ఉండండి మామా, మీరు లేకుంటే గుడ్డ ఎవరు పట్టి చెప్తారు?"

"చీటీ ఉంటాది పాపా దానిమీద."

అయిదు గంటల చంద్రగిరి బస్సు కోసం అతను సందు మలుపు తిరిగాడు. ఎండ ఇంకా తగ్గలేదు. ఎడమచేత్తో గోడలు పట్టుకుంటూ, నీడ ఉన్న వైపే నడిచాడు.

లోహిత లోపలికొచ్చి, కౌంటరు మీది గుడ్డముక్కను తీసి పంకా కింద తీగకు క్లిప్పుతో తగిలించింది. అది మెల్లగా తిరుగుతోంది. ఒక ఎరుపు గుడ్డలోకి దిగిపోయింది. రెండోది ఇంకా తడిగానే ఉంది.