జాడీ మీదికి రాయి

హేషితున్‌లో అందరికంటే ముందు ఫెంగ్‌చిన్ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. రాత్రి నానబెట్టిన సోయా గింజలు మరలో పోసి రుబ్బి, పాలు పిండి, పెద్ద బాణలిలో కాచి, విరగ్గొట్టి, గుడ్డలో మూటగట్టి, చెక్కపెట్టెలో బరువు కింద పెట్టేసరికి తెల్లారుతుంది. బస్తాలెత్తేదీ, నీళ్ళు మోసేదీ, బాణలి దించేదీ ఆమే. మొగుడు యుంగ్‌షెంగ్ మంట చూసుకుంటాడు, తెడ్డు తిప్పుతాడు, వచ్చినవాళ్ళకి టోఫు ముక్కలు కోసి గిన్నెల్లో వేస్తాడు. మధ్యమధ్యలో దగ్గుతాడు. పొద్దున్నే ఆ దగ్గు వినపడిందంటే టోఫు తయారైనట్టే, ఊళ్ళో వాళ్ళు గిన్నెలు పట్టుకుని బయల్దేరతారు.

ఆ దగ్గు పుట్టుకతో వచ్చింది కాదు. అతనికి పందొమ్మిదేళ్ళప్పుడు, కొండ కింద చేను దున్నుతుంటే నాగలి పోయి ఒక ఇనప గుండుకి తగిలింది. అందులోంచి నల్లగా, నూనెలాంటిది కారింది. సాయంత్రానికి చేతుల నిండా బొబ్బలు, మర్నాటికి కళ్ళు తెరుచుకోలేదు. ప్రాణమైతే దక్కింది గానీ ఊపిరిలో సగం ఆ చేలోనే పోయింది. రెండు బకెట్ల నీళ్ళు మొయ్యలేనివాడికి పిల్లనెవరిస్తారు? ఫెంగ్‌చిన్ తల్లి ఇచ్చింది. ఉన్నది ఒక్క కూతురే కాబట్టి అతన్ని ఇల్లరికం తెచ్చుకుంది. ఊరంతా ముక్కున వేలేసుకున్నారు. ఎంతమందో చేసుకుంటామన్న బలమైన పిల్లకి ఈ దగ్గులోడా అన్నారు. ఆ మాటలన్నీ పాతబడి, వాళ్ళ కూతురు కూడా పెరిగి తున్‌హువా పట్నంలో బస్సు కండక్టరైంది.

అలాంటి ఫిరంగి గుండ్లు జపాను సైన్యం వదిలేసినవి. యుద్ధంలో ఓడిపోయి పారిపోతూ విషం నింపిన గుండ్లని గోతుల్లో, వాగుల్లో, ఎక్కడపడితే అక్కడ పడేసి పోయారు. పోనీ ఊరివాళ్ళే తీసి అవతల పెడదామంటే, సొంతదారులకి తప్ప ఎవరికీ అవి లేవవు. పుచ్చకాయంత గుండుని పదిమంది పట్టినా అంగుళం కదలదు. ఒకసారి గొలుసు వేసి ట్రాక్టరుతో లాగితే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచాయి గానీ గుండు లేవలేదు. దాన్నో వింతగా ఎవరూ చెప్పుకోలేదు. పరాయివాళ్ళ సామాను పరాయివాళ్ళకే లేస్తుందని సరిపెట్టుకుని, గుండు ఉన్నచోట ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతి, చుట్టూ మొక్కజొన్న వేసుకున్నారు.

రెండు ప్రభుత్వాలూ ఏళ్ళ తరబడి మాట్లాడుకున్నాయి. వదిలేసిన వాళ్ళే వచ్చి, తవ్వి, నాశనం చెయ్యాలని చివరికి ఒప్పుకున్నాయి. మూడేళ్ళ నుంచి వసంతం వస్తే కొండ మీద జపాను వాళ్ళ గుడారాలు లేస్తున్నాయి. మొదటి రోజు చూడ్డానికి ఊరు ఊరంతా వెళ్ళింది. కళ్ళజోడు పెట్టుకున్న ఒక బక్కపిల్ల రబ్బరు దుస్తుల్లో వచ్చి, ట్రాక్టరుకి లొంగని గుండుని టీ కెటిల్ ఎత్తినట్టు ఎత్తి పెట్టెలో పెట్టింది. చూస్తున్న ముసలివాళ్ళకి ఒళ్ళు మండింది.

"ఇంత తేలికైన పనికి యాభై ఏళ్ళు పట్టిందా వీళ్ళకి" అంది పక్కింటి త్సుయి వదిన.

యుంగ్‌షెంగ్ దగ్గర ఒక ప్రశ్న ఉండేది. వాళ్ళొస్తే మొహం మీదే అడుగుతానని పెళ్ళయిన కొత్తలోనే పెళ్ళాంతో చెప్పాడు. "ఎందుకు వదిలేసి పోయారు?" అంతే, ఇంకేం అక్కర్లేదు అనేవాడు. ఆ రోజు అడగడానికే వెళ్ళాడు. తీరా చూస్తే అంతా యుద్ధమయ్యాక పుట్టినవాళ్ళు, చాలామంది తన కూతురి వయసు వాళ్ళు. ఏమడుగుతాడు? దగ్గుకుంటూ వచ్చేశాడు. అప్పట్నుంచీ వాళ్ళ పెద్దాయన కానెమారు టోఫు కొనడానికి వస్తే చాలు, యుంగ్‌షెంగ్ తెడ్డు వదిలేసి లోపలికి పోయేవాడు. కానెమారు మంచి మనిషే. వచ్చీరాని చైనా భాషలో పలకరించేవాడు. ఆయనకి ఫెంగ్‌చినే ముక్క కోసి ఇచ్చేది.

ఆ ఏడు మంచు ముందే పడింది. చలికాలానికి క్యాబేజీ ఊరవేసే రోజులు. ఫెంగ్‌చిన్ పెరట్లో జాడీ కడిగి, క్యాబేజీలు వరసలు పేర్చి, ఉప్పు చల్లింది. పైన పెట్టే రాయి కిందటి చలికి పగిలి రెండు ముక్కలైంది. బరువు లేకపోతే క్యాబేజీ పైకి తేలి కుళ్ళిపోతుంది, ఆరు నెలలు తిండికి అల్లాడాలి. రాయి వెతుక్కుంటూ వాగు దగ్గరికి వెళ్ళింది.

కొండ మీద జపాను వాళ్ళు సామాను సర్దుకుంటున్నారు. నేల గడ్డకట్టాక తవ్వలేరు కాబట్టి మర్నాడే వాళ్ళ ప్రయాణం, మళ్ళీ రావడం వసంతంలోనే.

వాగు గట్టు కోసుకుపోయిన చోట ఆమెకో మంచి రాయి కనిపించింది. తలకాయకంటే కాస్త పెద్దది, బురద గడ్డకట్టి నున్నగా ఉంది. చూస్తేనే బరువైంది అని తెలుస్తోంది. నడుం బిగించి పట్టుకుంటే ఇట్టే వచ్చేసింది. నలభై ఏళ్ళుగా బస్తాలెత్తిన చేతులు కదా అని ఫెంగ్‌చిన్ తనలో తాను కాస్త మురిసింది. ఈ వయసులో కూడా ఎంత బలం అనుకుంటూ, చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి జాడీ పక్కన దింపింది. రాయి కడుగుదామని నీళ్ళకి లోపలికి వెళ్ళింది.

ఆమె బయటికి వచ్చేసరికి యుంగ్‌షెంగ్ ఆ రాయి మీదికి వంగి రొప్పుతున్నాడు.

"ఏమే, దీన్ని ఎక్కణ్ణుంచి పెళ్ళగించుకొచ్చావు? దారికి అడ్డంగా ఉందని జరుపుదామంటే చచ్చినా జరగదు" అన్నాడు.

"దూదిలా ఉంటే జరగదంటావేం? నీ ఓపికంతా ఆ దగ్గుకే సరిపోతోంది" అని, ఆమె బకెట్ కింద పెట్టి, ఒంటిచేత్తో రాయి ఎత్తి చూపించింది.

అడుగునున్న బురద పెచ్చు ఊడి పడింది. లోపల తుప్పు పట్టిన ఇనుము, దాని చుట్టూ ఇత్తడి పట్టీ. అలాంటి పట్టీ యుంగ్‌షెంగ్ జీవితంలో ఒకసారి చూశాడు, నాగలి కింద.

ఫెంగ్‌చిన్ దాన్ని నెమ్మదిగా నేల మీద పెట్టింది. ఎక్కడా చిల్లు లేదు, ఏదీ కారడం లేదు. కారి ఉంటే బాగుండేదేమో, పరుగెత్తడానికైనా ఒక కారణం ఉండేది. ఇద్దరూ దాన్ని చూస్తూ నిలబడ్డారు.

కిటికీ తెరుచుకుంది. లోపల పొయ్యి వేడి తగిలే ఇటుక అరుగు మీద ఎప్పుడూ కూర్చునే ఆమె తల్లి, ఎనభై దాటిన మనిషి, తల బయటికి పెట్టింది. అంతా చూసినట్టే ఉంది.

"అమ్మా, ఇది నాకెందుకు లేచింది?" అంది ఫెంగ్‌చిన్.

ముసలమ్మ, ఎవరింట్లోనో జరిగిన సంగతి చెప్పినట్టు చెప్పింది. యుద్ధం ఓడిన ఏడాది జపాను వాళ్ళు రాత్రికి రాత్రి మొక్కజొన్న చేలకి అడ్డంపడి పారిపోయారు, తెల్లారి పోయి చూస్తే దారి పొడుగునా సామాను. గుండ్లు, బూట్లు, కుట్టుమిషను. ఆ సామాను మధ్యలో సైనికుడి కోటులో చుట్టిన పసిపిల్ల.

"పరిగెత్తడానికి బరువనిపించినవన్నీ పడేసి పోయారు. నువ్వొకదానివి" అంది. "కోడిపిల్లంత ఉన్నావు. నాకేం బరువు? చొక్కా చెరగులో వేసుకొచ్చాను."

యుంగ్‌షెంగ్ మెల్లగా నిటారుగా నిలబడ్డాడు. "ఇది తెలిసే నన్ను తెచ్చుకున్నావా అత్తా?"

"తెలిసే. నీకు పిల్లనిచ్చేవాళ్ళు లేరు. దాని పుట్టుక గురించి అడిగేవాళ్ళు ఉండకూడదు. రెండూ కుదిరాయి."

అతను గోడకి ఆనించిన తోపుడుబండి తీసుకుని గేటు తోసుకుని వెళ్ళిపోయాడు. ఫెంగ్‌చిన్ పిలవలేదు. ముప్పయ్యేళ్ళుగా పక్కలో దగ్గుతున్న మనిషి. ఆ దగ్గు పెట్టినవాళ్ళ బిడ్డని తాను. ఏమని పిలుస్తుంది?

అయినా కూర్చుని ఏడ్చే తీరిక లేదు. గుండు పెరట్లో ఉంది, జాడీ పక్కన, తల్లి పడుకునే కిటికీ కింద. జపాను వాళ్ళు మర్నాడు వెళ్ళిపోతారు. వాళ్ళని పిలుచుకొచ్చినా, ఇది పెరట్లోకి ఎలా వచ్చిందని ఎవరో ఒకరు అడగక మానరు. ఊళ్ళో ఎవరూ ఎత్తలేనిది దానంతట అది నడిచి వచ్చిందని చెప్పడం కుదరదు కదా. వసంతం దాకా గోనె కప్పి నోరు మూసుకుని ఉండొచ్చు, తనకి తప్ప ఎవరికీ అది లేవదు కూడా. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకి సిగ్గేసింది. అప్పుడు పారిపోయినవాళ్ళు చేసిందీ అదే కదా.

చుట్టడానికి పాత దుప్పటి తెచ్చింది. గుండుని అందులో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో ఎత్తుకుని, పట్టపగలు వీధి మధ్యగా నడిచింది. అరుగుల మీద మొక్కజొన్న కంకులు వలుస్తున్నవాళ్ళు తలెత్తారు. దుప్పటి చివర్లోంచి ఇనుము కనపడుతూనే ఉంది. దాని ఆకారం ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. త్సుయి వదిన లేచి వచ్చి, దారికి అడ్డంగా తిరుగుతున్న తన కోళ్ళని పక్కకి తోలింది.

కానెమారు దూరం నుంచే చూశాడు. పరుగెత్తుకుంటూ వచ్చి, దింపమని చేతులు ఊపాడు. కళ్ళజోడు పిల్ల పెట్టె తెచ్చింది. గుండు పెట్టెలోకి చేరాక ఆ పిల్లే ఫెంగ్‌చిన్ చేతులు ఏదో మందునీళ్ళతో మోచేతుల దాకా రుద్ది రుద్ది కడిగింది. పాత దుప్పటి కూడా ఇంకో పెట్టెలోకి పోయింది. ఆమెని అడగాల్సిందేముంది? ఆమె మోసుకొచ్చింది, అందరూ చూశారు.

"మీరు ఇది మొయ్యకూడదు" అన్నాడు కానెమారు చివరికి. "ఇది మేం చెయ్యాల్సిన పని."

"నాకు తేలిగ్గానే ఉంది."

"తెలుసు. అయినా మీరు మొయ్యకూడదు."

ఆయన టోపీ తీసేశాడు. మాటలు వెతుక్కుంటూ చెప్పుకొచ్చాడు. అప్పట్లో ఇక్కడ వదిలేసిన పిల్లల్ని వెనక్కి తీసుకెళ్ళే ఏర్పాటు ఉందట. వెతికితే అయినవాళ్ళు దొరకొచ్చట, ఇల్లు ఇస్తారట, భాష నేర్పిస్తారట. ఆమె ఊఁ అంటే తనే దగ్గరుండి చూసుకుంటాడట. వదిలేసినవాటిని తీసుకెళ్ళడానికే కదా తాము వచ్చింది అన్నాడు. అని, ఆ మాట ఎలా వినిపించిందో తనకే తెలిసి తల దించుకున్నాడు.

ఫెంగ్‌చిన్ చేతులు చొక్కాకి తుడుచుకుంది. ఆమెకి కోపం రాలేదు. ఈయనకి రోజూ టోఫు కోసి ఇచ్చింది, ఈయన తప్పేమీ లేదని తెలుసు.

"దాన్ని పట్టుకెళ్ళండి. వాగు గట్టు విరిగిన చోట ఇంకా ఉంటాయి, అవీ పట్టుకెళ్ళండి, ఒక్కటి కూడా వదలొద్దు" అంది. "నన్ను కాదు."

ఆయన నడుం దాకా వంగాడు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. తోపుడుబండి లేదు, మనిషీ లేడు. జాడీ మూత లేకుండా అలాగే ఉంది. తల్లి కిటికీలోంచి చూసింది. ఫెంగ్‌చిన్ క్యాబేజీల మీద ఇంకో గుప్పెడు ఉప్పు చల్లింది. ఎందుకు చల్లిందో ఆమెకే తెలియదు, ఉప్పు ఎప్పుడో సరిపోయింది. యుంగ్‌షెంగ్ అక్క పక్క ఊళ్ళోనే ఉంటుంది. అక్కడికి పోయి ఉంటాడు. రేపు బాణలి దగ్గర తెడ్డు ఎవరు తిప్పుతారా అని ఆలోచించి, అది ఆలోచించినందుకు వెక్కి వెక్కి ఏడ్చింది.

ముందు దగ్గు వినిపించింది. చాలాసేపు దగ్గే. తర్వాత బండి చక్రం కిర్రుమంది.

యుంగ్‌షెంగ్ గేటు కాలితో తోసి బండి పెరట్లోకి తెచ్చాడు. మొహం నల్లబడిపోయింది, ఊపిరి ఈల వేస్తోంది. బండిలో ఒక నల్లరాయి ఉంది, పెద్దది, చదునుగా ఉంది, అడుగున ఇంకా నాచు అంటుకుని ఉంది. కింది వాగులో రేవు దగ్గరిది. అంత దూరం నుంచి ఆ ఊపిరితో ఎలా తోసుకొచ్చాడో, మధ్యలో ఎన్నిసార్లు కూర్చున్నాడో.

"ఎత్తి చూడు" అన్నాడు.

ఫెంగ్‌చిన్ వంగి పట్టుకుంది. కదిలింది గానీ లేవలేదు. మోకాళ్ళు వంచి మళ్ళీ పట్టింది. రాయి ఒక చివర లేచి మళ్ళీ బండిలో కూలబడింది.

"బరువుగా ఉంది" అంది.

"మన వాగులోది. ఉంటుంది మరి."

ఆమె రాయి మీద చెయ్యి తియ్యలేదు. అతని మొహంలోకి చూడకుండా అంది: "నువ్వు అడగాలనుకున్నది అడిగెయ్. ఇన్నాళ్ళకి సొంతదారు దొరికింది."

యుంగ్‌షెంగ్‌కి దగ్గు తెర వచ్చింది. అది పూర్తయ్యేదాకా ఆగి, నోరు తుడుచుకున్నాడు.

"నిన్నడిగితే నీకేం తెలుసు? నువ్వూ అదే అడగాలి" అన్నాడు. "వసంతంలో వస్తారుగా. ఇద్దరం కలిసి వెళ్ళి అడుగుదాం. ముందు ఆ చివర పట్టుకో."

ఆమె ఒక చివర పట్టుకుంది, అతను రెండో చివర. కిటికీలోంచి ముసలమ్మ, క్యాబేజీలు చితికిపోతాయి మెల్లగా దింపండి అని కేకేసింది. ఇద్దరూ ఒక్కసారే ఊపిరి బిగపట్టి ఎత్తారు. రాయి లేచింది. జాడీలో క్యాబేజీలు అడుగుకి దిగి, ఉప్పునీళ్ళు అంచుదాకా వచ్చాయి.