కాపలా కుర్చీ

మధ్యాహ్నం ల్యాబ్ వాళ్లంతా తినే హాకర్ సెంటర్‌లో టేబుల్ కాపలా ఎప్పుడూ సమ్రీన్‌దే. టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేస్తే, అంటే సీటు ఆపుకుంటే, ఈ ఊళ్లో ఆ కుర్చీ జోలికి ఎవరూ రారు. అయినా ల్యాబ్ పెద్ద హరికృష్ణకు నమ్మకం చాలదు. "మీరు కూర్చుని చూస్తూ ఉండండి, మేం తెస్తాం," అని మగవాళ్లందరినీ వెంటేసుకుని భోజనం తేవడానికి వెళ్తాడు. రెండేళ్లుగా సతాయించిన రుజువు ఆమెకు కొలిక్కి వచ్చింది ఆ కాపలాలోనే.

పాత ఉష్ణగతిశాస్త్రంలో శక్తిదే పెత్తనం. క్వాంటం వ్యవస్థల్లో శక్తితోపాటు సమాచారం, ఇంకా కొన్ని వనరులు ఉంటాయి. దేని నిల్వ దానిదే. ఒకటి తరిగితే రెండోదానితో ఊరికే పూడ్చలేం. ఎంతకెంత మారుతుందో చెప్పే నియమం సమ్రీన్ కనిపెట్టింది.

శుక్రవారం మూడింటికి ఆ నియమం మీద సెమినార్. "ఆ టైముకి పాపను తెచ్చుకోవాలి కదా మీరు. నేను చెప్పేస్తాను లెండి," అన్నాడు హరికృష్ణ. దయగానే అన్నాడు. ఆ దయే కొంప ముంచేది. ఎవరు నిలబడి చెబితే నియమం వాళ్లదే అనుకుంటుంది లోకం. అలవాటుకొద్దీ సరేనని నోటిదాకా వచ్చింది, మింగేసింది.

ఆ సాయంత్రం యీషున్‌లోని తన ఫ్లాట్‌లో వెదురు కర్రలకు తడిబట్టలు గుచ్చుతుంటే ఒళ్లు మండింది. పాప డబ్బా, అత్తగారి మందులు, అన్నీ పది నిమిషాల పనులేనట. "కూసుని ఆలోచించే పనేగా, అలసట ఎక్కడిది?" అంటాడు రషీద్. ఆ పది నిమిషాలు సరిగ్గా ఆలోచన నడుమ పడతాయని ఈ మొగుడికి ఎలా చెప్పాలి?

"శుక్రవారం అలీనాను మీరు తేవాలె," అంది.

"మీటింగుంది. ఎట్లనో సర్దుకుంటవులే, నీకు ఓపిక ఎక్కువ."

"ఓపిక ఉంది. టైం లేదు. ఓపిక పోసి టైం తెచ్చుకునుడు కుదరదు. రెండేండ్ల సంది నేను రుజువు చేస్తున్నది అసొంటిదే."

పక్కనే బొమ్మకు రంగులేస్తున్న కూతురు అలీనా తలెత్తకుండానే, "అబ్బా కెన్ కమ్ లా," అంటూ నాన్న తరఫున ఒప్పేసుకుంది. సమ్రీన్‌కు నవ్వాగలేదు. రషీద్ ఫోన్ తీసి మీటింగ్ వేరే రోజుకు జరిపాడు.

శుక్రవారం హరికృష్ణ ల్యాప్‌టాప్‌తో వచ్చేసరికి వక్త కుర్చీలో టిష్యూ ప్యాకెట్ ఉంది. దాన్ని చూసి, పక్కనే నిలబడ్డ సమ్రీన్‌ని చూశాడు.

"మీరు కూర్చుని వింటూ ఉండండి సర్," అందామె. "నేను చెప్తాను."